ఎదుటివాళ్ళ చెట్టు

ఆగస్టు మూడో వారానికి మార్నీ జంపర్ దగ్గర పదిహేడు చెట్ల చిరునామాలున్నాయి. వాటిలో ఒక్కచోట కూడా చెట్టు లేదు.

మొదటి చిరునామా పట్టుకుని రెండు గంటలు కొండెక్కితే తెగవాళ్ళ మంచినీళ్ళ ట్యాంకు కనబడింది. రెండోది జూదశాల వెనక కార్లు నిలిపే చోటుకి తీసుకెళ్ళింది. మూడోచోట ఒక ఎలుగుబంటి, రెండు పిల్లల్ని వెంటేసుకుని, ముళ్ళపొదలో పండ్లు తింటోంది. మార్నీ అక్కడ వెతకాల్సిందేమీ లేదని నిర్ణయించుకుని, వెనక్కి వెనక్కే నడిచి వచ్చేసింది. నాలుగోది సరిగ్గా హార్లీ టోయినీటా పెరట్లో, ఆయన పాత మరుగుదొడ్డి మీద పడింది. వసారాలో కూర్చున్న ఆ ముసలాయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"నా చెట్టు ఇక్కడుందని ఎవరు రాశారమ్మా?"

"మీరే రాశారు తాతా. ఇదిగో మీ సంతకం."

"అవునా? అయితే నిజమే అయ్యుంటుంది. తలుపు తీసి చూసుకో, నాకేం అభ్యంతరం లేదు."

మార్నీ వాళ్ళింట్లో కాలేజీ చదువు పూర్తిచేసిన మొదటి మనిషి. ఆ చదువు నేర్పిన వాటిలో ఆమె అన్నిటికన్నా గట్టిగా నమ్మింది ఫారాన్ని. సూటి ప్రశ్న, కింద ఖాళీ గీత, ఆ కింద సంతకం ఉంటే ఎంతటి సంగతైనా తేలిపోతుందని ఆమె నమ్మకం. తెగ అటవీ కార్యాలయంలో ఉద్యోగంలో చేరిన రెండో నెలలోనే ఒక ఫారం తయారుచేసి, బిగ్ కోవ్‌లో బుట్టలల్లే ముసలివాళ్ళందరికీ పంచిపెట్టింది. "మీరు రంగుకి వాడే తెల్ల అక్రోటు చెట్టు ఎక్కడుంది?" అని అందులో ప్రశ్న. అందరూ మర్యాదగా నింపి, సంతకాలు పెట్టి, కాఫీ కూడా ఇచ్చి పంపారు.

తెల్ల అక్రోటు చెట్లు చచ్చిపోతున్నాయి. బెరడు మీద నల్లటి పుండు లేస్తుంది. అది కారుతూ చుట్టూ పాకి చెట్టుని నిలువునా ఎండబెడుతుంది. దానికి మందు లేదు. అయితే ఎక్కడో ఒకటీ అరా చెట్టు ఆ తెగులుకి లొంగకుండా నిలబడుతుంది. దాని కాయలు దొరికితే నారు పెంచవచ్చు. బుట్టలవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఏటి వెదురు బద్దల్ని ఎర్రవేరుతో ఉడికిస్తే నారింజ రంగు వస్తుంది, నల్ల అక్రోటు వేరుతో ఉడికిస్తే గోధుమరంగు. నలుపు కావాలంటే మాత్రం తెల్ల అక్రోటు ఒక్కటే దారి. అంగడి రంగు వేసిన బుట్టని బిగ్ కోవ్‌లో ఎవరూ బుట్ట అనరు.

మార్నీ పైఅధికారి వెస్లీ క్రో ముందే చెప్పాడు.

"నారుమడులు రెండు నీకోసం ఖాళీగా ఉంచాను. సెప్టెంబరు ఆఖరికి మంచి చెట్టు కాయలు వాటిలో పడాలి. పడకపోతే ఓక్ గింజలు వేసేస్తాను. ఓక్ మొక్కలు ఒకసారి దిగాయంటే మూడేళ్ళు లేవవు."

మూడేళ్ళకి అడవిలో ఒక్క చెట్టయినా మిగిలి ఉంటుందన్న నమ్మకం ఆయనకీ లేదు, మార్నీకీ లేదు.

పదిహేడు ఫారాలూ బల్లమీద పేర్చి ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. వెస్లీ ఒక్కొక్కటే తిరగేశాడు.

"మీ అమ్మమ్మ కూడా నింపిందా?"

"నింపిందండీ."

"ఎక్కడని రాసింది?"

"పోలీసు స్టేషను."

వెస్లీ కుర్చీ అటు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

"నవ్వకండి. పద్దెనిమిది మైళ్ళు నడిచాను నేను."

"నవ్వడం లేదమ్మా. మా అమ్మ ఏం రాసిందో చూస్తున్నాను. బాప్టిస్టు చర్చి వంటగదిలో ఉందట చెట్టు."

మార్నీకి తెలియని సంగతి కాదిది. ఎవరు ఎక్కడ ఏరుకుంటారో అడగకూడదు. వసంతంలో అడవి ఉల్లి తవ్వే చోటైనా, వానాకాలం పుట్టగొడుగుల చోటైనా, రంగు చెట్టయినా ఎవరి చోటు వాళ్ళది. చిన్నప్పుడు అమ్మమ్మ ఆల్మెడాతో వెళ్తే, ఏటి మలుపు దగ్గర ట్రక్కులో కూర్చోబెట్టి "కదలకు" అనేది. రెండు గంటలకి నిండు సంచితో తిరిగి వచ్చేది. ఎక్కడికెళ్ళావని మార్నీ ఎప్పుడూ అడగలేదు. నోటితో అడగడం వేరు, కాగితం మీద అడగడం వేరు అనుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు.

మర్నాడు ఓపల్ సానూకీ ఇంటికి వెళ్ళింది. ఓపల్‌కి డెబ్బై ఎనిమిదేళ్ళు, ఆల్మెడాకి డెబ్బై తొమ్మిది. శరదృతువు సంతలో బుట్టల మొదటి బహుమతి ఒక ఏడు ఈవిడదైతే మరో ఏడు ఆవిడది. ఇద్దరూ ఒకరిగురించి ఒకరు మాట్లాడేటప్పుడు పేరు వాడరు, "ఆవిడ" అంటారు.

ఓపల్ వసారాలో వెదురు చీరుతోంది. కత్తి ఆపకుండానే పలకరించింది.

"రావే. ట్యాంకు చూసొచ్చావా?"

"ట్యాంకు మీరు రాసిందేనా పెద్దమ్మా?"

"నీళ్ళు బాగుంటాయక్కడ."

మార్నీ మెట్టుమీద కూర్చుంది. "పెద్దమ్మా, నిజంగా అడుగుతున్నాను. నేను చేసింది తప్పా?"

"తప్పని కాదే. ఆడదాని మొహంమీద నీ చెట్టెక్కడ అని అడిగితే ఎవరు చెప్తారు? నా బరువెంతో అడుగు, చెప్తాను. మా ఆయన బతికుండగా ఎన్నిసార్లు తలుపేసి బయట నిలబెట్టానో అడుగు, లెక్కతో సహా చెప్తాను. చెట్టు మాత్రం అడక్కు."

"మరి చెట్లన్నీ చచ్చిపోతే?"

కత్తి ఒక్క క్షణం ఆగింది.

"అడిగేదేదో సరిగ్గా అడగాలి," అంది ఓపల్. "మీ అమ్మమ్మ చెట్టెక్కడో అడుగు, ఇప్పుడే చెప్తాను."

మార్నీ మెట్టుమీంచి లేచి నిలబడింది.

"మీకు తెలుసా?"

"తెలియకేం. ఏటి మలుపు దాటాక రెండో వాగు. దాని వెంటే పైకెళ్తే మూడు బండలు, వాటి వెనకాల. యాభై ఏళ్ళ నుంచీ మా పిన్ని ఇంటి ముందు నుంచే పోతుంది, తనేదో గాలై పోతున్నట్టు. వెళ్ళేటప్పుడు ఖాళీ సంచి, వచ్చేటప్పుడు నిండు సంచి. కళ్ళున్నవాళ్ళకి ఇంకేం చెప్పాలి?"

మార్నీ ట్రక్కులో కూర్చుని పాత ఫారం వెనక్కి తిప్పి, కొత్త ప్రశ్న రాసింది. "మీ చెట్టు సంగతి వద్దు. ఇంకెవరి చెట్టయినా మీకు తెలుసా?"

బుట్టలవాళ్ళు గురువారం గురువారం చేతిపనుల సంఘం వెనకగదిలో చేరతారు. ఆ గురువారం మార్నీ గదిలోకి వెళ్ళి కొత్త ఫారం అందరికీ ఒకసారి చదివి వినిపించి, బయట ట్రక్కులో అడవి పటం ఒళ్ళో పరుచుకుని కూర్చుంది. పది నిమిషాల్లో ఒకావిడ, నీళ్ళు తాగడానికని బయటికి వచ్చింది. ట్రక్కు అద్దం దగ్గరికి వంగి, గబగబా రెండు గుర్తులు పెట్టి వెళ్ళిపోయింది. తరవాత ఒకావిడకి కారు తాళాలు గుర్తొచ్చాయి. ఇంకొకావిడకి చల్లగాలి కావాలనిపించింది. వెస్లీ వాళ్ళమ్మ ఏ సాకూ లేకుండా వచ్చి, ముందు సీట్లో కూర్చుని, ఆరు చెట్లు రాసింది.

"నేను చెప్పానని మాత్రం చెప్పకు," అంది దిగుతూ. అప్పటికి ఆ మాట అన్నవాళ్ళలో ఆమె ఎనిమిదోది.

చివరికి హార్లీ వచ్చాడు. ఓక్ బద్దలకోసం ఏడాది పొడుగునా అడవిలో తిరిగే మనిషి, అందరి వెనకా ఆయన కళ్ళుంటాయి. పటం అంతా గుర్తులు పెట్టి పెన్సిలు తిరిగిచ్చాడు.

"ఓపల్‌ది మాత్రం నన్నడక్కు. నలభై ఏళ్ళలో నాలుగుసార్లు దాని వెనకపడ్డాను. నాలుగుసార్లూ తిన్నగా కందిరీగల పుట్టమీదికే తీసుకెళ్ళింది."

"తెలిసే తీసుకెళ్ళిందంటారా?"

"నాలుగోసారి చేతిలో మందాకు పట్టుకుని నాకోసం నిలబడి ఉంది."

సాయంత్రానికి ఇరవై మూడు చెట్లు తేలాయి. ఒక్కొక్కదాన్ని కనీసం ముగ్గురు నలుగురు చెప్పారు, అందరి గుర్తులూ రాయి విసిరేంత దూరంలో కలిశాయి. ఓపల్ చెట్టుని మాత్రం తొమ్మిదిమంది తొమ్మిది చోట్ల పెట్టారు. మార్నీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మరుసటి రోజునుంచి నడక మొదలుపెట్టింది. ఈసారి ప్రతిచోటా చెట్టుంది. మొదటిదాన్ని చూసినప్పుడు ఆమె దాని బెరడుమీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. అది ఎండిపోయి చాలాకాలమైంది. పదిహేను రోజుల్లో ఇరవై రెండు చెట్లు చూసింది. పద్నాలుగు ఎండిన మోళ్ళు, వడ్రంగిపిట్టలు వాటిని తొలుచుకుంటున్నాయి. ఆరింటికి ఒంటినిండా పుళ్ళు. రెండు పచ్చగా ఉన్నాయి గానీ కాయ లేదు. ఒక రోజు వాగు దాటుతుంటే ఎల్క్ దుప్పి ఒకటి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి దారివ్వలేదు. అరగంట ఎదురుచూసి, దానికి తన పని ఏమిటో వివరంగా చెప్పింది. అది విని, తీరిగ్గా నీళ్ళు తాగి పోయింది. చాన్నాళ్ళకి తన ప్రశ్న పూర్తిగా విన్నది అదొక్కటేనని నవ్వుకుంది.

ఇరవై మూడోది అమ్మమ్మ చెట్టు. సెప్టెంబరు పద్దెనిమిదిన మార్నీ ఏటి మలుపు దాటి, రెండో వాగు మొదట్లో నిలబడింది. పటంలో ఇంకా చూడనిది అదొక్కటే. చెప్పకుండా వెళ్తే అమ్మమ్మకి తెలియదు. కానీ చిన్నప్పుడు ట్రక్కులో కూర్చుని అటువైపు చూడనైనా చూడని పిల్ల తను. ఆమె వెనక్కి తిరిగింది.

ఆల్మెడా వంటింట్లో చిక్కుడు గింజలు కలిపిన మొక్కజొన్నపిండి ముద్దల్ని ఆకుల్లో చుడుతోంది. మార్నీ చేతులు కడుక్కుని పక్కన చేరి తనూ ఒక ఆకు తీసుకుంది.

"అమ్మమ్మా, నీ చెట్టు దగ్గరికి బయల్దేరి సగం దారిలో తిరిగొచ్చాను."

"పోలీసు స్టేషను ఏమంత దూరమని?"

"రెండో వాగు. పైన మూడు బండలు."

ఆల్మెడా చేతులు ఆగాయి.

"ఎవరు చెప్పారు?"

"ఐదుగురు."

"ఐదుగురా." ఆమె పిండి గిన్నె పక్కకి జరిపి కూర్చుంది. కోపం వస్తుందని మార్నీ అనుకుంది. రాలేదు. "నీకెప్పుడూ చెప్పలేదు కదా, ఎందుకు చెప్పకూడదో. సైనికులు వచ్చి మన తెగవాళ్ళందర్నీ ఈ కొండలనుంచి పడమటికి తోలిన ఏడు, మా అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మ చంటిపిల్ల. దాన్ని ఎత్తుకుని వాళ్ళమ్మ ఆ మూడు బండల కింద దూరింది. ఆ చలికాలమంతా ఆకుల కింద రాలిన కాయలే తిండి. కింది లోయలో ఇంకో కుటుంబం దాక్కుని ఉండేది. తెలిసినవాడెవడో వచ్చి, ఏం తింటున్నారు, కాయలెక్కడ దొరుకుతున్నాయని మంచిగానే అడిగాడు. వాళ్ళూ మంచిగానే చెప్పారు. మూడోరోజుకి ఆ లోయలో మనిషి లేడు."

పొయ్యిమీద నీళ్ళు మరుగుతున్నాయి.

"మనవాళ్ళు నోరు విప్పలేదు. అందుకే ఇవాళ మనం ఇక్కడ కూర్చుని ముద్దలు చుడుతున్నాం."

మార్నీ ఆ చరిత్ర కాలేజీలో చదివింది, పరీక్ష రాసింది, మంచి మార్కులు తెచ్చుకుంది. అందులో ఈ బండలు లేవు. దాచడం తనకి చేతకాదు కాబట్టి, ఉన్నది చెప్పింది.

"ఓపల్ పెద్దమ్మకి యాభై ఏళ్ళుగా తెలుసట అమ్మమ్మా."

"ఆవిడకా?"

"నువ్వు సంచి పట్టుకుని పోయినప్పుడల్లా చూసేదట."

ఆల్మెడా కిటికీలోంచి బయటికి చూసింది.

"యాభై ఏళ్ళు. ఒక్క కాయ పోలేదు. ఒక్క వేరు ఎవరూ తవ్వలేదు. నా దొంగనడక గొప్పదనుకున్నాను." ఇటు తిరిగి, "మరి నీకెందుకు చెప్పింది?" అంది.

"నీ మనవరాల్ని కదా."

"అయితే అది బయటికి చెప్పినట్టు కాదులే," అని ఒప్పుకుంది ఆల్మెడా. తరవాత చాలా మామూలుగా, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "ఆ చెట్టు పోయిందే. ఆకు వేసి రెండు వసంతాలైంది."

ఈమధ్య అమ్మమ్మ బుట్టల్లో నలుపు గోధుమరంగు వైపు తిరుగుతోందని మార్నీ గమనించకపోలేదు. గది వెలుతురు తేడా అనుకుంది. ఆల్మెడా మిగిలిన కాస్త వేరులో నల్ల అక్రోటు కలిపి సాగదీస్తోంది.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్పడం అలవాటు లేదు."

మార్నీ తల దించుకుంది. ఇంక పన్నెండు రోజులున్నాయి, చూడాల్సిన చెట్టు లేదు. ఆల్మెడా ఆమె మొహం చూసి, చెయ్యి తుడుచుకుని చాచింది.

"ఆ రెండో ఫారం ఏది? నాకు ఇవ్వలేదేం?"

మార్నీ పటంతో సహా ఇచ్చింది. ఆల్మెడా పెన్సిలు పట్టుకుని పటంమీద వంగింది. "ఆవిడ చెట్టు విషయంలో తొమ్మిదిమందీ తప్పే." పెన్సిలు ఒకచోట ఆగింది, కాగితాన్ని మాత్రం తాకలేదు. "ఎనభై మూడులో పుట్టగొడుగుల దగ్గర మాకు గొడవైంది. ఇదెక్కడికి పోతుందో చూద్దామని వెంటపడ్డాను. అది ఒడ్డున నడిస్తే నేను ఏట్లో నడిచాను. నీళ్ళ చప్పుడులో అడుగు చప్పుడు వినబడదు." పెన్సిలు కింద పెట్టేసింది. "రాయను. పొద్దున్నే దాని ఇంటికి వెళ్ళి మొహంమీదే అడుగుతాను."

"అడగకూడదు కదా?"

"అడగకూడదు. అందుకే నువ్వు నోరు మూసుకుని పక్కన నిలబడు."

తెల్లవారి ట్రక్కు ఓపల్ వాకిట్లో ఆగింది. ఆల్మెడా ఆ మెట్లెక్కి ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు.

"దారి తప్పావా ఆల్మెడా?" అంది ఓపల్, కత్తితో వెదురు చీరుతూనే.

"నా చెట్టు తెలిసి యాభై ఏళ్ళు నోరు మూసుకున్నావట."

"నీ చెట్టుతో నాకేం పని? నాది దానికి రెండింతలు."

"అవును. చూశాను."

కత్తి ఆగింది.

"ఎప్పుడు?"

"ఎనభై మూడులో."

"అబద్ధాలాడకు."

"చదును బండ పక్కన. కొమ్మ ఒకటి ఏటిమీదికి వంగి ఉంటుంది. కింద రాళ్ళు మెట్లలాగా పేర్చుకున్నావు. అప్పటికే మోకాళ్ళ నొప్పులన్నమాట."

ఓపల్ ఆమెవైపు చూసింది. ముందు ఓపల్ పెదవి వణికింది, తరవాత పొట్ట కదిలింది, ఆఖరికి ఒళ్ళోని వెదురు బద్దలన్నీ కిందపడేదాకా నవ్వింది.

"హార్లీగాణ్ణి కందిరీగల దగ్గరికి తిప్పడానికి నేను పడ్డ పాట్లు దేవుడికి తెలుసు. నువ్వేమో ఏట్లో నడిచొచ్చావా."

"చెప్పులు పాడైపోయాయి."

"బాగా అయింది." ఓపల్ కళ్ళు తుడుచుకుంది. "నలభై ఏళ్ళు తెలిసీ నువ్వూ ఎవరికీ చెప్పలేదన్నమాట."

"ఎవరికి చెప్తాను? నీగురించి మాట్లాడితే నాకే పరువు తక్కువ."

ఆ మాట అయ్యాక ఆల్మెడా పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు మార్చింది.

"నాది పోయింది ఓపల్. అందరివీ పోయాయి, ఈ పిల్ల అన్నీ తిరిగి చూసింది. నీదానికి కాయ ఉందా?"

"ఉంది. ఈ ఏడు ఉడతలు కూడా మోయలేకపోతున్నాయి."

"పుండు?"

"ఒకటి వచ్చింది, ఐదారేళ్ళ కిందట. చెట్టే మాన్పుకుంది. చుట్టూ కొత్త బెరడు పెదవిలా ముడుచుకుంది."

మార్నీ అప్పటిదాకా నోరు మూసుకునే ఉంది. ఇక ఆగలేకపోయింది.

"పెద్దమ్మా, అలాంటి చెట్టుకోసమే ఈ రాష్ట్రమంతా వెతుకుతున్నారు."

"అందుకే చెప్పలేదు," అంది ఓపల్. "రాష్ట్రమంతా నా ఏట్లోకి దిగితే ఎలా? కాయలిస్తాను. ఆ చోటు మాత్రం నీ కంప్యూటర్లోకి ఎక్కడానికి వీల్లేదు."

మార్నీ ఆలోచించింది. చోటు రాయని నమూనా నమూనా కాదని ఆమెకి నాలుగేళ్ళు నేర్పారు.

"నేను వెస్లీ గారికి అబద్ధం చెప్పను పెద్దమ్మా. తప్పు చోటు రాయను. ఆ గీత ఖాళీగా వదిలేస్తాను. ఎందుకని ఆయనడిగితే ఎందుకో చెప్తాను. ఆయన ఒప్పుకోకపోతే కాయలు తెచ్చి మీ చేతిలో పెట్టేస్తాను."

ఓపల్ ఆల్మెడావైపు తిరిగింది. "ఎవరి పోలికే ఇది?"

"కాలేజీ పోలిక," అంది ఆల్మెడా.

ముగ్గురూ ఏటి వెంట నడిచారు. ఓపల్ కర్ర పట్టుకుని ముందు, ఆల్మెడా వెనక, సంచులు మోస్తూ మార్నీ ఆఖర్న. రెండుచోట్ల ఓపల్ కర్ర ఎత్తి ఆపింది, కందిరీగల్ని చుట్టి పోయారు. ఒకచోట రాయి కిందనుంచి మూరెడు పొడుగు నీటిబల్లి ఒకటి బద్ధకంగా కదిలింది. "ఇదింకా ఉందా," అని ఓపల్ దాన్ని పలకరించింది. దారిపొడుగునా ముసలివాళ్ళిద్దరూ ఎనభై మూడునాటి పుట్టగొడుగులు ఎవరివో తేల్చుకోడానికి ప్రయత్నించారు. తేలలేదు.

చెట్టు నిజంగానే పెద్దది. ఏటిమీదికి వంగిన కొమ్మ, కింద మూడు రాళ్ళ మెట్లు. మార్నీ ఒక రెమ్మ వంచి చూసింది. ఆకు రాలిన మచ్చమీద కనుబొమలాంటి నూగు ఉంది, కాబట్టి అసలు తెల్ల అక్రోటే. బెరడు చుట్టూ తిరిగింది. మనిషి ఎత్తున పాత పుండు మచ్చ గట్టిగా, పొడిగా, మానిపోయి ఉంది. నేలనిండా ఆకుపచ్చ కాయలు. ఆమెకి అరవాలనిపించింది గానీ పెద్దవాళ్ళ ముందు అరవలేదు.

తీసుకునేదానికి బదులుగా ఆల్మెడా జేబులోంచి ఎర్రపూస తీసి వేరు దగ్గర మట్టిలో నొక్కింది. చెట్టు ఓపల్‌ది కాబట్టి ముందు ఆమె అనుమతి అడిగింది.

"మొదటి మూడూ వదిలెయ్యి. నాలుగోది తియ్యి," అంది ఓపల్ మార్నీతో, పాతకాలంనుంచీ ఏరేవాళ్ళు పాటించే పద్ధతి ప్రకారం. "మళ్ళీ మూడు వదులు. అలాగే."

"అన్నీ అలాగేనా పెద్దమ్మా? మధ్యాహ్నం అవుతుంది."

"నీకేమైనా బస్సుందా?"

మధ్యాహ్నం దాటింది. కాయల జిగురుకి మార్నీ చేతులు మోచేతులదాకా గోధుమరంగు తిరిగాయి. కార్యాలయం వెనక తొక్కలు ఒలిచి, కాయల్ని నీళ్ళ తొట్టిలో పోసింది. తేలినవి గుల్లవి, మునిగినవి మంచివి. నూట నలభై కాయల్లో పద్నాలుగు తేలాయి. మిగతావి గులకరాళ్ళలాగా అడుగుకి పోయాయి. మార్నీ నాలుగుసార్లు కలిపి చూసింది, అవి పైకి రాలేదు.

వెస్లీ ఫారం చదివాడు.

"చెట్టున్న చోటు రాయడం మరిచిపోయావు."

"మరిచిపోలేదండీ."

ఆయన ఆమె చేతులు చూశాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. ట్రక్కులో ఆల్మెడా, ఓపల్ ఒకే సంచిలోంచి వేయించిన రొట్టె తింటూ దేనిగురించో గట్టిగా వాదించుకుంటున్నారు. మార్నీ మొదటినుంచీ జరిగినదంతా చెప్పింది, చోటు ఒక్కటీ తప్ప.

"వచ్చే ఏడు కూడా కాయలిస్తారా?"

"ఇస్తామన్నారండీ. మనం అడక్కపోతే."

వెస్లీ సంతకం పెట్టాడు. కాగితం ఇవ్వబోయి ఆగాడు.

"మా అమ్మ చెట్టు కూడా తెలిసిందా నీకు?"

"తెలిసిందండీ."

"ఎక్కడ?"

"ఆవిణ్ణే అడగండి."

"ముప్ఫై ఏళ్ళుగా అడుగుతున్నానమ్మా."

సెప్టెంబరు ఆఖరి శనివారం గడుగీకి, అంటే ఊరంతా కలిసి చేసే పనికి, పిలుపు వెళ్ళింది. బిగ్ కోవ్‌లో అలాంటి పిలుపుకి ఎవరి పార వాళ్ళు తెచ్చుకుంటారు. కూలి ఎవరూ అడగరు గానీ వంట బాగా లేకపోతే ఏడాదంతా అంటారు. హార్లీ మట్టి తవ్వాడు. వెస్లీ వాళ్ళమ్మ పెద్ద కుండెడు పులుసు తెచ్చింది. బుట్టలవాళ్ళంతా మడుల చుట్టూ మోకాళ్ళమీద కూర్చుని, ఒకరికొకరు లోతు ఎంతో చెప్పుకుంటూ, ఎవరికి తోచిన లోతులో వాళ్ళు నాటారు. మార్నీ స్కేలు పట్టుకుని అందరి వెనకా తిరిగి సరిచేసింది. ఒకరి చెట్టు ఒకరు చెప్పిన సంగతి అందరికీ తెలిసిపోయింది, ఎవరూ ఎత్తలేదు.

ఓపల్ చివరి కాయని ఆల్మెడా అరచేతిలో పెట్టింది. "నువ్వు నాటు. ఏట్లో నడిచిన కాళ్ళు కదా, తడి బాగా పడుతుంది."

"నలుపు ఇచ్చే వయసు రావడానికి దీనికెన్నేళ్ళే?" అని ఆల్మెడా మనవరాల్ని అడిగింది.

"పదిహేను, ఇరవై."

"అప్పటికి నాకు తొంభై తొమ్మిది. పర్వాలేదు, చెయ్యి వణక్కపోతే చాలు."

"ఇప్పుడే వణుకుతోంది," అంది ఓపల్. "పక్క వరసలోకి పోతున్నావు, చూసుకో."

నాటడం అయ్యాక మడులమీద ఇనుప వల పరిచి నాలుగువైపులా మేకులు కొట్టారు. హార్లీ ఆఖరి మేకు కొడుతుండగా కంచెమీదికి ఒక ఉడత వచ్చి కూర్చుంది. వలని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. అందరూ పని ఆపి దాన్నే చూశారు.

"అయిపోయింది," అంది ఓపల్. "దానికీ తెలిసిపోయింది."